ఫారిన్ సైట్‌లో కార్డ్ డిక్లైన్ అవుతోందా? ముందు ఇవి చూడండి

డొమైన్ కొనాలన్నా సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలన్నా డాలర్లలో కట్టాల్సి వస్తే అకౌంట్‌లో డబ్బులుండి కూడా కార్డ్ డిక్లైన్ అవుతుంటుంది, అప్పుడు కంగారుపడి మళ్లీ మళ్లీ ట్రై చేయకండి, బ్యాంక్ వాళ్లు కార్డ్ బ్లాక్ చేసే ఛాన్స్ ఉంది.

ముందు బ్యాంక్ యాప్‌లో కార్డ్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. ఇంటర్నేషనల్ అని ఒక స్విచ్ ఉంటుంది, అందులో ఆన్‌లైన్‌కి విడిగా ఇంకోటి, దాని పక్కనే లిమిట్. 2020లో ఆర్‌బీఐ రూల్ వచ్చినప్పట్నుంచి కొత్త కార్డులకి ఇవి ఆఫ్‌లోనే వస్తున్నాయి. లిమిట్ సున్నా ఉంటే స్విచ్ ఆన్ చేసినా లాభం లేదు, అది కూడా పెంచాలి. పనైపోగానే మళ్లీ ఆఫ్ చేసేయండి ప్లీజ్, చాలా ఫారిన్ సైట్లు ఓటీపీ అడగవు, కార్డ్ నంబర్ ఎవడి చేతిలో పడినా డబ్బులు పోతాయి.

మామూలు రూపే డెబిట్ కార్డ్ బయటి సైట్లలో దాదాపు నడవదు, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ వాడండి.

మొదటి నెల కట్ అయ్యి రెండో నెల ఫెయిలైతే అది ఆటోపే సమస్య. ఇ-మాండేట్ (నెలనెలా డబ్బు కట్ చేసుకోడానికి మనం బ్యాంక్ ద్వారా ముందే ఇచ్చే అనుమతి) సపోర్ట్ చేయని సైట్‌కి మన బ్యాంకులు ఆటోమేటిక్‌గా డబ్బు పంపవు, అలాంటప్పుడు ఏడాది ప్లాన్ ఒకేసారి కట్టేయడం బెటర్, లేదా అదే యాప్ ప్లే స్టోర్‌లో ఉంటే యూపీఐతో తీసుకోవచ్చు.

ఛార్జీలు కూడా లెక్కేసుకోండి: మార్కప్ (ఫారిన్ కరెన్సీలో కడితే బ్యాంక్ అదనంగా తీసుకునే ఛార్జీ) 3.5 శాతం ఉన్న కార్డ్‌తో 10,000 రూపాయల బిల్లు కడితే 350, దానిమీద 18 శాతం జీఎస్టీ 63, మొత్తం 413 ఎక్స్‌ట్రా. రూపాయల్లో కడతారా డాలర్లలోనా అని సైట్ అడిగితే డాలర్లే ఎంచుకోండి, వాళ్లిచ్చే రూపాయి రేటు సాధారణంగా ఎక్కువే పడుతుంది.