ఇత్తడి గుండిగ నుంచి మిక్సీ దాకా: ఏ పాత్రలో ఏది వండాలి, దానిని ఎలా కాపాడుకోవాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో సామాను అలమార తెరిస్తే, సారెలో వచ్చిన ఇత్తడి గుండిగలు, కంచు కంచాలు ఒక అరలోను, స్టీలు గిన్నెలు, కుక్కరు, నాన్‌స్టిక్ పెనం మరొక అరలోను కనిపిస్తాయి. పాత సామానును పండుగకు ఒకసారి తోమి మళ్లీ లోపల పెట్టేయడమో, తూకానికి అమ్మేయడమో ఇప్పుడు ఎక్కువైంది. అవి నిక్షేపంలా పనికివచ్చే పాత్రలు, వాటిని తూకానికి వేయవద్దని గట్టిగా చెబుతాను. అయితే పాతదైనా కొత్తదైనా పాత్రను చేతిలోకి తీసుకునే ముందు, అందులో వండబోయేది పుల్లనిదా, వేపుడా, పులియబెట్టేదా అన్నది తేల్చుకోవాలి. సగం ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి.

ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. చింతపండు, టమాటా, మజ్జిగ, మామిడికాయ వంటి పులుపు తగిలితే అందులోని రాగి కరిగి వంటలోకి దిగుతుంది. అప్పుడు కూర చిలుమెక్కి నాలుకకు వెగటుగా తగులుతుంది, ఆ రాగి ఎక్కువైతే కడుపులో తిప్పి వాంతులు కూడా అవుతాయి. అందుకే వంటకు వాడే ఇత్తడి గిన్నెల లోపల కళాయి, అంటే తగరపు పూత, వేయిస్తారు. ఆ పూత సరిగా ఉన్నంత కాలం చారు, పప్పు, పులుసు, పాలు అన్నీ కాచుకోవచ్చు. గిన్నె లోపలంతా తెల్లగా ఉంటే కళాయి ఉన్నట్టే. గరిటె రాసుకునే అడుగున గాని, అంచుల దగ్గర గాని పసుపురంగు బయటపడితే పూత అరిగిపోయిందని అర్థం. ఆ మచ్చ గోరంతే ఉన్నా పులుపు వంటలు మానుకుని గిన్నెను కళాయికి పంపాలి.

ఒకప్పుడు వీధుల్లో కేకలు వేస్తూ వచ్చిన కళాయివారు ఇప్పుడు తగ్గిపోయారు. ఇత్తడి సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే పనివారి ఆచూకీ చెబుతారు. వీలైతే దగ్గరుండి వేయించుకోవడం మంచిది. ముందు గిన్నె లోపల బాగా తోమి జిడ్డు, చిలుము, పాత పూత వదిలిస్తారు. బొగ్గుల కొలిమి మీద గిన్నెను పట్టకారుతో తిప్పుతూ అన్ని వైపులా సమానంగా కాలుస్తారు. తగిన వేడి పట్టగానే చిటికెడు నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లుతారు, గుప్పున తెల్లని ఘాటైన పొగ లేస్తుంది. నవసాగరం ఆ వేడికి విడిపోయి లోహం మీద మిగిలిన చిలుము పొరను తినేస్తుంది, అది పోయిన తరువాతే తగరం పట్టుకుంటుంది. వెంటనే తగరపు కడ్డీని గిన్నె లోపల రాస్తే అది చుక్కలుగా కరుగుతుంది, ఆ చుక్కలను దూదితో చకచకా నాలుగు వైపులా రుద్ది, గిన్నెను నీళ్లలో ముంచుతారు. పని పూర్తయ్యాక గిన్నెను వెలుతురులో పెట్టి చూడాలి. నల్లని మరకలు, పూత అందని చోట్లు, ముద్ద కట్టిన చోట్లు ఉంటే అక్కడికక్కడే మళ్లీ వేయమని అడగాలి. కడ్డీ స్వచ్ఛమైన తగరమేనా అన్నది తప్పకుండా అడగవలసిన మాట, ఎందుకంటే చవకకు సీసం కలిపితే అది ఒంటికి విషం. నమ్మకం కుదరకపోతే తగరం మనమే కొని ఇవ్వడం మేలు. ఆ పొగ పీల్చకుండా పిల్లలను దూరంగా ఉంచాలి.

కళాయి ఎక్కువ కాలం నిలవాలంటే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. గిన్నెలో నీళ్లు మరుగుతున్నంతసేపు లోపలి వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి పూతకు ఏమీ కాదు. ఖాళీ గిన్నెను మంట మీద పెట్టి మరచిపోయినా, అందులోనే నూనె కాచి పోపు వేసినా, వేపుళ్లు చేసినా తగరం కరిగి ఒక మూలకు చేరుతుంది. పోపును ఇనుప గరిటెలో విడిగా వేసి వంటలో కలిపితే రుచికి లోటు రాదు, కళాయి కూడా దక్కుతుంది. కలపడానికి చెక్క తెడ్డు వాడాలి. తోమేటప్పుడు బయటి వైపు చింతపండు, ఉప్పు కలిపి రుద్దవచ్చు, లోపలి వైపు మాత్రం మెత్తని పీచు, కొద్దిగా సబ్బు చాలు. స్టీలు పీచు అసలు తాకించరాదు. కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడిస్తే మరకలు కట్టవు.

కొత్త ఇత్తడి కొనదలచినవారికి సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లాలోని బుడితి ఉంది. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడ కొన్నా అడుగు మందంగా ఉందా, చెవులు గట్టిగా ఉన్నాయా అని చూడాలి. అలంకారానికి చేసిన వస్తువుల మీద మెరుపు తగ్గకుండా పారదర్శకమైన పూత వేస్తారు, అటువంటివి వంటకు పనికిరావు.

కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు ఉంటాయి. గట్టి లోహమే గాని పెళుసు, చేయిజారి గచ్చు మీద పడితే పగులుతుంది. పలుచని కంచు గిన్నెలను మంట మీద పెట్టకుండా తినడానికే వాడుకోవాలి. కొనేటప్పుడు గిన్నెను వేలి మొన మీద నిలిపి గరిటె కాడతో మెల్లగా తట్టాలి. నాదం సాగుతూ పోతే మంచిది, ఠక్కున ఆగిపోతే ఎక్కడో సన్నని పగులు ఉందని అనుమానించాలి. ఒడియా ఇళ్లలో వేసవి పఖాళను, అంటే నీళ్లలో నానబెట్టి పులియనిచ్చిన అన్నాన్ని, కంచు గిన్నెలో వడ్డించే అలవాటు ఉంది, మన ఇళ్లలోనూ చద్దన్నం అలాగే తింటారు. తినేంతసేపు అందులో ఉంటే బెంగ లేదు. రాత్రంతా నానబెట్టి పులియనివ్వడం మాత్రం కంచులో గాని, కళాయి లేని ఇత్తడిలో గాని చేయరాదు. పఖాళకైనా, తరవాణికైనా, చోడి అంబలికైనా మట్టికుండను మించినది లేదు, అది లేకపోతే స్టీలు గిన్నె.

కొత్త కుండను ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, తరువాత అందులో గంజి పోసి సన్నని సెగ మీద కాచి చల్లార్చితే మట్టిలోని సన్నని రంధ్రాలు పూడుకుంటాయి. సబ్బుతో కడిగితే ఆ వాసన కుండలోకి ఇంకిపోతుంది కాబట్టి వేడినీళ్లు, పీచు సరిపోతాయి. వేడి కుండలో చన్నీళ్లు పోయకూడదు.

అట్లకు, వేపుళ్లకు, బూరెలకు ఇనుమే వాడాలన్నది నా అభిప్రాయం. కొత్త పెనం మీది పూతను వేడినీళ్లతో, సబ్బుతో పూర్తిగా కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, గుడ్డతో నూనెను పైపైన మాత్రమే రాసి, పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే నూనె గట్టి నల్లని పొరగా మారి, అట్టు అంటుకోకుండా చూస్తుంది. నూనె ఎక్కువ రాస్తే పొర జిగటగా తయారవుతుంది, కాబట్టి రాసిన తరువాత పొడిగుడ్డతో మళ్లీ తుడిచేయాలి. పులుసులు ఈ పొరను కరిగిస్తాయి, కూరను నల్లబరుస్తాయి. ఆకుకూరల వేపుడు వంటివి ఇనుప మూకుడులో చేస్తే కొంత ఇనుము ఒంటికి అందుతుంది, వండగానే వేరే గిన్నెలోకి తీయడం మాత్రం మరవరాదు. గంజాం తీరపు తేమగాలిలో తడి పెనం ఒక్క రాత్రికే తుప్పు పడుతుంది. కడిగిన వెంటనే సెగ మీద ఆరబెట్టి నూనె చుక్క రాసి పెట్టాలి.

స్టీలు విషయంలో చాలామంది అయస్కాంతంతో పరీక్షిస్తారు, అంటుకోకపోతే మంచిదని కొనేస్తారు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న మేలురకం స్టీలు అయస్కాంతానికి అంటుకోని మాట నిజమే, కానీ నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక రకం కూడా అంటుకోదు. కాబట్టి గిన్నె మీద రకం అచ్చు వేసి ఉందా, బిల్లు మీద రాస్తున్నారా అని చూడాలి. ఇండక్షన్ పొయ్యికి మాత్రం అడుగు అయస్కాంతానికి అంటుకోవలసిందే. చన్నీళ్లలో ఉప్పు వేసి వదిలేస్తే స్టీలు అడుగున చిన్న గుంటలు పడతాయి, ఎసరు మరిగాక ఉప్పు వేసి కలపాలి.

అల్యూమినియం గిన్నెల్లో పులుపు వండకపోవడం, నిల్వ ఉంచకపోవడం మంచిది. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్దమంట మీద వదిలేయకూడదు, 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడై హానికరమైన ఆవిర్లు వస్తాయి. పూత లేస్తున్న పెనాన్ని ఇక వంటకు వాడరాదు.

కొండప్రాంతంలో ఉండేవారికి కుక్కరు తప్పనిసరి. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, తెరచిన గిన్నెలో కందిపప్పు ఉడకడానికి బరంపురంలో కంటే ఎక్కువసేపు పడుతుంది. కుక్కరు లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 2347 అన్న అంకె ఉన్నాయో లేదో చూడాలి, 2021 ఫిబ్రవరి 1 నుంచి ఈ గుర్తు లేనివి అమ్మడానికి వీలు లేదు. ఏది వండినా మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, నురగ పొంగే పప్పులైతే సగమే. మూత పెట్టే ముందు ప్రతిసారీ ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూడాలి, పప్పు పలుకు అడ్డుపడి ఉంటే పుల్లతో తీసేయాలి. గాస్కెట్టును, అంటే మూతకుండే రబ్బరు చుట్టను, మూత నుంచి తీసి కడిగి ఆరబెట్టాలి. సాగదీస్తే తిరిగి ముడుచుకోకపోయినా, గట్టిబడినా, పక్కల నుంచి ఆవిరి పోతున్నా మార్చేయాలి. సేఫ్టీ వాల్వు పోతే అదే కంపెనీది, అదే కొలతది వేయించాలి. దాని బదులు రేకు, గుడ్డ పెట్టి నడిపించడం ప్రాణాలతో చెలగాటం. లోపలి ఒత్తిడి దిగకముందే మూతను బలవంతంగా తీయకూడదు.

మిక్సీ మోటారు ఎడతెరిపి లేకుండా తిరగడానికి తయారైనది కాదు. పిండి రుబ్బేటప్పుడు నిమిషం, రెండు నిమిషాలు నడిపి కాస్త ఆపాలి, జారును సగానికి మించి నింపరాదు. వోల్టేజీ పడిపోయే వేళల్లో మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది కాబట్టి అప్పుడు రుబ్బడం వాయిదా వేసుకోవాలి. మధ్యలో ఆగిపోతే కాలిపోయిందని కంగారుపడకుండా, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, చల్లారాక అడుగున ఉన్న ఎర్రని బటన్ నొక్కి చూడాలి. జారు అడుగు నుంచి నీళ్లు కారి మోటారు మీద పడుతుంటే బుష్, అంటే బ్లేడు ఇరుసును పట్టి ఉంచే గొట్టం, అరిగిపోయినట్టు. దానిని వెంటనే మార్పించాలి, ఆలస్యం చేస్తే తడి మోటారులోకి దిగి మిషను మొత్తం పాడవుతుంది. బ్లేడు కింద ఇరుక్కున్న పచ్చడి పోవడానికి జారులో కొద్దిగా గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి క్షణంపాటు తిప్పి కడిగి, మూత తీసి బోర్లించి ఆరబెట్టాలి.