బండి దించాక కటకట శబ్దమా? పార్టు కొనే ముందు ఇలా వెతకండి

స్ప్రింగులు మార్చి కారు ఎత్తును 30 మి.మీ. దించారు. పదిరోజులు తిరక్కుండానే ముందు చక్రాల దగ్గర కటకట మొదలైంది. ఒడిశాలో రాయగడ అయినా జయపురం అయినా షెడ్డుకి తీసుకెళ్తే మొదట వినిపించే మాట "లింక్ రాడ్లు పోయాయి". మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే బార్‌ను చక్రాల వైపుకు కలిపే చిన్న కడ్డీలవి. కొత్తవి వేయిస్తారు, శబ్దం అలాగే ఉంటుంది. దించిన బండిలో చాలాసార్లు తప్పు పార్టుది కాదు, బిగించిన తీరుది. అందుకే ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది ఫ్రేముకు కలిపే చెయ్యి) బుష్‌లు చూడాలి.

ఆ బుష్‌లో రబ్బరు మధ్య ఇనుప గొట్టం ఉంటుంది. బోల్టు బిగించగానే గొట్టం కింది ఫ్రేముకు పట్టేస్తుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మెలి తిరగాల్సింది రబ్బరే. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, బండి నేల మీదకు దిగే సరికే రబ్బరు మెలిపడి ఉంటుంది. దించిన బండిలో ఆర్మ్ ఇంకా పైకి లేస్తుంది కాబట్టి ఆ మెలి మరీ ఎక్కువ. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు లాంటి మలుపుల్లో రోజూ తిరిగితే, ఆ రబ్బరు చిరగడానికి ఎక్కువ కాలం పట్టదు.

దిద్దుబాటు తేలికే. నాలుగు చక్రాలనూ ర్యాంపుల మీదకో మందపాటి చెక్కల మీదకో ఎక్కించి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఆర్మ్ బోల్టులు సడలించి, బండిని నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి వదలండి. బరువంతా చక్రాల మీద ఉండగానే మీ మోడల్‌కి చెప్పిన టార్క్‌తో (బిగింపు బలంతో) బిగించండి. వెనక చక్రాలను కలిపే బీమ్ బుష్‌లకూ ఇదే పద్ధతి. ఒక్క జాకీని నమ్మి మాత్రం కిందికి దూరకండి.

తర్వాత టేపు తీయండి. ప్రతి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. కుడి ఎడమల మధ్య 10 మి.మీ. కన్నా తేడా ఉంటే, స్ప్రింగు కొస గాడిలో కూర్చోలేదేమో చూడాలి.

ఇక శబ్దాన్ని బట్టి వెతకాలి. చిన్న గతుకుల మీద నెమ్మదిగా వెళ్తుంటే కటకటలాడితే లింక్ రాడ్లను అనుమానించండి. రెండు వైపులా విప్పేసి, ఖాళీ రోడ్డు మీద 20 కి.మీ. వేగంతో ఓసారి తిప్పండి. శబ్దం పోతే అవే. వానాకాలం ఇక్కడి ఎర్రమట్టి చిరిగిన బూటులోకి (రబ్బరు తొడుగులోకి) దూరి లింక్ రాడ్ కొసన ఉండే బాల్ జాయింటును అరగదీస్తుంది. ఆగిన బండిలో స్టీరింగ్ తిప్పితే "టంగ్" మంటే అది స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పై మౌంటుదో, దాని బేరింగుదో. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు బయటి అంచున అరచెయ్యి ఆనించి చూస్తే స్ప్రింగు ఎగిరిపడడం తెలుస్తుంది. చుట్ల మధ్య వేళ్లు పెట్టకండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు లాగినప్పుడే కటకటమంటే అది ఇంజిను బలాన్ని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. రిమ్ము లోపలివైపు గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి.

గుంతలో "దభ్" మని గుద్దుకోవడం వేరే సంగతి. షాక్ అబ్జార్బర్‌కు మొదట 80 మి.మీ. పైకి పోయే చోటు ఉందనుకుందాం. 30 మి.మీ. దించితే 50 మిగిలింది. ఐదుగురూ లగేజీతో పెళ్లికి బయల్దేరితే అదీ తరుగుతుంది. ప్రతి దెబ్బా బంప్ స్టాపర్ (చివరి దెబ్బ తట్టుకునే మెత్తని దిమ్మ) మీద, అక్కణ్ణుంచి పై మౌంటు మీద పడుతుంది. షాక్ రాడ్డుకు ఒక జిప్ టై బిగించి, కింది అంచుకు జరిపి, మామూలుగా తిరిగే దారిలో ఓసారి పోయి రండి. టై స్టాపర్ దాకా చేరిందంటే చోటు చాలడం లేదు. అప్పుడు స్టాపర్‌ను దాని గాడి దగ్గర, మూడో వంతుకు మించకుండా కోయవచ్చు. పూర్తిగా తీసేస్తే షాక్ లోపల ఇనుమూ ఇనుమూ కొట్టుకుని ఆయిల్ కారుతుంది. సరైన మందు పొట్టి షాక్‌లే.

స్ప్రింగు కోసేసి దించడం మాత్రం వద్దు. పనిచేసే ఆరు చుట్లలో ఒకటి కోస్తే స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది, పైగా చక్రం వేలాడినప్పుడు తను కూర్చునే చోటు వదిలేస్తుంది. గ్యాస్‌తో కాల్చి కూర్చోబెట్టింది ఇంకా ఘోరం. పదును పోయి, నెలనెలా కుంగుతుంది.

అన్నీ బిగించాకే అలైన్‌మెంట్, మళ్లీ 500 కి.మీ. తర్వాత ఒకసారి. చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సర్దుబాటవుతుంది. స్ట్రట్ కింద రెండు బోల్టులున్న బండికైతే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండడం) సర్దే బోల్టు వేయవచ్చు. టైరు లోపలి అంచే అరుగుతుంటే తప్పు క్యాంబర్‌దే అనుకుంటారు గానీ, ముందు టో చూపించండి. అదే పనిగా బ్రేకు హోస్, ఏబీఎస్ తీగ ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో స్టీరింగ్ రెండు వైపులా తిప్పి చూడండి.

ఎంత దించాలన్నది రోడ్డే చెబుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్కన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీ. వెడల్పు ఉండాలి. ఊళ్ల ముందు ఎవరికి వారు పోసిన దిమ్మెలకు ఆ లెక్క లేదు. ఈ దారుల్లో 25 నుంచి 30 మి.మీ. దాటితే లోయర్ ఆర్మ్ కన్నా ముందు సైలెన్సర్ పోతుంది.