గృహకూటంలో కృపనూ సత్‌క్రియలనూ బోధించడం ఎలా

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో వారానికొకసారి ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ప్రార్థన కూటాన్ని నడిపేవారికి, కృపను గురించి చెప్పడం కంటే కృపకూ సత్‌క్రియలకూ ఉన్న సంబంధాన్ని చెప్పడం కష్టమవుతుంది. ఒక వారం అంతా కృపేనని చెప్పి, మరుసటి వారం కానుకల గురించో ఉపవాస ప్రార్థనల గురించో గట్టిగా మాట్లాడితే, వినేవారు ఆ రెండింటినీ కలిపి, రక్షణ ఉచితమే గానీ దాన్ని నిలుపుకోవడానికి నెలనెలా ఏదో ఒకటి చెల్లిస్తూ ఉండాలని అర్థం చేసుకుని ఇంటికి వెళతారు. అందుచేత ఈ పాఠాన్ని ఒక్క సాయంత్రంలో ముగించాలనుకోకుండా రెండు మూడు వారాలు కేటాయించుకోవడం మంచిది.

మొదట ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం తీయించండి. 8, 9 వచనాలు చాలామందికి కంఠతా వచ్చు కనుక అక్కడితో ఆపేయడం మనకు అలవాటైపోయింది. ఈసారి మాత్రం ఒకే వ్యక్తి చేత పదో వచనం చివరి వరకూ ఆపకుండా చదివించండి. రక్షణ మన క్రియల వల్ల కలిగింది కాదు, ఎవరూ అతిశయపడడానికి వీలులేదు అని చెప్పిన పౌలే, మరుక్షణంలో, సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టించబడ్డామనీ, ఆ క్రియలను కూడా దేవుడే ముందుగా సిద్ధపరిచాడనీ అంటాడు. ఈ మూడు వచనాల్లో ఏది ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చింది అన్న ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వారి నోటి నుంచే రానివ్వండి. పాఠమంతా ఆ వరుస మీదే నిలబడుతుంది.

తరువాత మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట పనివారి ఉపమానానికి వెళ్లండి. తోతాపురి కాయ దిగే రోజుల్లో తోటలకూ గుజ్జు ఫ్యాక్టరీలకూ దినకూలికి వెళ్లేవారు మీ కూటంలో ఉంటే, దాన్ని వారి చేతనే చదివించండి. తెల్లవారగానే వచ్చి ఎండంతా భరించినవారికీ, పొద్దు వాలాక గంటసేపు మాత్రమే పనిచేసినవారికీ యజమాని ఒకే దేనారం, అంటే ఒక రోజు కూలి, ఇచ్చాడనగానే, ఇదేం న్యాయమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాటను వెంటనే సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి; కథలో మొదటి పనివారు సణిగింది కూడా అందుకే. కాసేపు వాదించుకోనిచ్చి, ఆ తరువాత రెండు విషయాలు చూపండి. చివర వచ్చినవారు తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదని చెప్పారే గానీ పని చేయబోమని చెప్పలేదు. పిలుపు వచ్చాక వారూ తోటలోకే వెళ్లారు, సంతవీధిలో నిలబడి దేనారం తీసుకోలేదు. అయినా వారికిచ్చింది గంటల లెక్కన కాదు. సాధారణంగా బోధకులు రెండో సంగతి చెప్పి మొదటిదాన్ని వదిలేస్తుంటారు.

రెండో వారం యాకోబు పత్రిక రెండో అధ్యాయానికి కేటాయించండి. మనుష్యుడు విశ్వాసం వల్ల మాత్రమే కాక క్రియల వల్ల కూడా నీతిమంతుడవుతాడని 24వ వచనం చెబుతుంది. దీన్ని, మనిషి ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే నీతిమంతుడవుతాడని పౌలు రాసిన రోమా పత్రికతో పోల్చి, పౌలు, యాకోబు ఇద్దరిలో ఎవరిది నిజమని అడిగేవారికి మీరు సిద్ధంగా ఉండాలి. ఆదికాండం 15, 22 అధ్యాయాల దగ్గర ముందుగానే కాగితం ముక్కలు పెట్టుకోండి. అబ్రాహాము దేవుణ్ణి నమ్మితే అది అతనికి నీతిగా ఎంచబడిందన్న మాట 15వ అధ్యాయంలోది. ఇస్సాకును బలిపీఠం మీద ఉంచడం 22వ అధ్యాయంలోది. అతడు సున్నతి పొందకముందే దేవుడు అతణ్ణి ఎలా అంగీకరించాడన్నది పౌలు ప్రశ్న. ఆ విశ్వాసం ఉత్త మాటేనా, బతికి ఉందా అన్నది యాకోబు ప్రశ్న. యాకోబు కూడా 15వ అధ్యాయపు మాటనే ఉదాహరిస్తాడన్నది మరచిపోకూడదు. ప్రొటెస్టంటు సంస్కరణను మొదలుపెట్టిన లూథరు 1522 నాటి కొత్త నిబంధన ముందుమాటలో యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడని ఎవరైనా ఎత్తిచూపితే, అదే ఏడాది రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, సజీవమైన విశ్వాసం మంచి పనులు చేయకుండా ఉండలేదని ఆయనే రాసిన సంగతి కూడా చెప్పండి.

ఈ పాఠం చెప్పేటప్పుడు పొరుగువారి మొక్కులనూ ముడుపులనూ ఎగతాళి చేయవద్దు. అది మర్యాద కాదు, పైగా తెలివితక్కువతనం కూడా. దేవుని దయకూ మనిషి ప్రయత్నానికీ మధ్య ఉన్న ఇదే చిక్కును శ్రీవైష్ణవులు శతాబ్దాలుగా చర్చించారు. తల్లిని తానే గట్టిగా పట్టుకునే కోతిపిల్లలాంటివాడా భక్తుడు, తల్లి నోట కరుచుకుని తీసుకుపోయే పిల్లిపిల్లలాంటివాడా అని వడగల, తెంగల సంప్రదాయాలు వేరుపడ్డాయి. ఆ చర్చ క్రైస్తవ బోధతో సమానమని చెప్పనక్కరలేదు గానీ, తిరుపతిలో పెరిగినవారికి మన ప్రశ్న ఎక్కడ ఉందో దీనితో త్వరగా అందుతుంది.

సంఘాల మధ్య భేదాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతి కేంద్రం. చిత్తూరు వైపు ఆర్కాటు మిషన్ నాటిన సంఘాలు 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో కలిశాయి, రెండు చోట్లా కథోలికులూ పెంతెకోస్తువారూ ఉన్నారు. కథోలికులు క్రియల వల్లే రక్షణ అంటారని మనలో చాలామంది తేలిగ్గా అనేస్తారు. అది సరికాదు. కథోలిక సంఘపు ట్రెంటు మహాసభ 1547లో నీతీకరణ (మనిషి దేవుని ఎదుట నీతిమంతుడు కావడం) మీద వెలువరించిన మొదటి నియమమే, క్రీస్తు కృప లేకుండా మనిషి తన క్రియలతో నీతిమంతుడు కాగలడన్న మాటను ఖండించింది. కృప పొందినవాడు చేసే పనులకు ఎంత విలువ ఉందన్న దగ్గరే అసలు భేదం ఉంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి సంతకం చేసిన ప్రకటనలో, మన యోగ్యతను బట్టి కాక కృపను బట్టే దేవుడు మనలను అంగీకరిస్తాడనీ, పరిశుద్ధాత్మ మనలను మంచి పనులకు సిద్ధపరుస్తాడనీ ఇద్దరూ ఒప్పుకున్నారు.

చదివినదాన్ని ఆచరణలో పెట్టడానికి యాకోబు ఇచ్చిన ఉదాహరణే చాలు: తిండీ బట్టా లేనివారికి సమాధానంగా వెళ్లండని చెప్పి పంపేయడం. తిరుపతిలోని రుయా ఆసుపత్రికి రోగులకు తోడుగా వచ్చి, ఆరుబయట చాప పరుచుకుని పడుకునేవారి దగ్గర ప్రార్థన చేసి వచ్చేయడం మనకు సులువు. వారికి రాత్రి భోజనమో చలికాలంలో దుప్పటో ఎవరు తీసుకువెళ్లాలో ఆ కూటంలోనే తేల్చుకోండి. ఫోటోలు వద్దు. పొట్లంతో పాటు కరపత్రం ఇవ్వడం కూడా ఆ సమయంలో వద్దన్నది నా అభిప్రాయం. ఆకలితో ఉన్నవాడికి అది అన్నానికి కట్టిన వెలలా కనిపిస్తుంది.

సాక్ష్యాలు చెప్పే సమయంలో, ఇంత కానుక వేశాను, దేవుడు ఇంత తిరిగిచ్చాడని ఎవరైనా లెక్క చెబితే, అందరి ముందూ దిద్దకుండా, ఆ మేలుకు వారితో కలిసి దేవుణ్ణి స్తుతించి, తరువాతి పాటకు వెళ్లండి. మరుసటి వారం తన ఉపవాసాలనూ దశమభాగాలనూ దేవునికి లెక్కచెప్పిన లూకా 18లోని పరిసయ్యుని ప్రార్థన చదివిస్తే చాలు.

దీనికి ఎదురుగా, కృప ఉంది కదా అని అప్పు ఎగ్గొట్టేవారూ ఉంటారు. వారికి లూకా 19లోని జక్కయ్య కథ సరిపోతుంది. అతడు ఏమీ చేయకముందే యేసు అతణ్ణి పేరుపెట్టి పిలిచి ఇంటికి వస్తానన్నాడు. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాననీ అతడు అన్నది ఆ తరువాతే. ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట మాత్రం అతని వాగ్దానం తరువాత వస్తుంది కదా అని చురుకైనవారు అడుగుతారు. దాన్ని దాచవద్దు, పిలుపు ముందు, తిరిగివ్వడం తరువాత, రెండింటినీ కలిపి యేసు దాన్ని రక్షణ అన్నాడని చెప్పండి. అప్పున్న వ్యక్తితో మాత్రం విడిగా కూర్చుని, ఎవరికి ఎంత ఇవ్వాలో, నెలకు ఎంత కట్టగలడో ఒక కాగితం మీద రాయించి, అవసరమైతే అప్పిచ్చినవారి ఇంటికి మొదటిసారి మీరూ తోడు వెళ్లండి.