ఉగాది లోపు ఇంట్లో పాత సామాను తేల్చేయడం ఎలా?

ఉగాది దగ్గర పడుతోందంటే ప్రతి ఇంట్లోనూ బూజు కర్ర బయటికి వస్తుంది. అటక మీద సామాను కిందికి దిగుతుంది, దుమ్ము దులిపించుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ అటకెక్కుతుంది. ఇల్లు శుభ్రపడుతుంది గాని ఖాళీ కాదు. ఈసారి ఆ పద్ధతి మారుద్దాం. కిందికి దించిన వస్తువు ఏదైనా సరే, ఉంచుకోవాలా వద్దా అన్నది తేలాకే మళ్లీ పైకి వెళ్లాలి.

ఈ పనికి ఉగాదిని మించిన సమయం లేదు. మార్చి రెండో సగంలోనో ఏప్రిల్ మొదటి సగంలోనో వస్తుంది. ఎండ బాగా కాస్తుంది కాబట్టి పరుపులు, బొంతలు సాయంత్రానికల్లా ఆరిపోతాయి. పిల్లల తరగతి మారే రోజులు కాబట్టి పాత పుస్తకాల సంగతి తేలుతుంది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి కాగితాలు ఎలాగూ బయటికి తీయాల్సిందే.

మొదలు ఎక్కడ పెట్టాలి?

పండుగకు రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. రోజుకు గంట చాలు. ఒక రోజుకు ఒకే చోటు: ఒక సొరుగు, ఒక అర, లేదా ఒక పెట్టె. బీరువా మొత్తం ఒకేసారి మంచం మీద కుమ్మరించారంటే, రాత్రి పడుకునే వేళకు విసిగిపోయి అంతా తిరిగి కుక్కేస్తారు.

ఎవరికీ మమకారం లేని చోటుతో మొదలుపెట్టడం మంచిది. చెప్పుల స్టాండు, స్నానాల గది అల్మరా, మందుల డబ్బా ఇందుకు సరిపోతాయి. ఫోటోలు, చీరలు, పెద్దల వస్తువులు చివరికి ఉంచండి. అప్పటికి తీసివేయడం చేతికి అలవాటవుతుంది.

తీసిన వస్తువులను ఉంచేవి, ఇచ్చేవి, అమ్మేవి, పారేసేవి అని విడదీయండి. ఎంతకీ తేలనివి ఒకే ఒక అట్టపెట్టెలో వేసి పైన తేదీ రాయండి. దసరా దాకా ఆ పెట్టె అవసరం ఎవరికీ రాకపోతే అందులోవి ఇచ్చేయవచ్చు. రెండో అట్టపెట్టె మాత్రం పెట్టవద్దు.

మందులు, వంటిల్లు

గడువు దాటిన మాత్రలు, సగం వాడిన పిల్లల సిరప్పులు, ఎప్పటివో తెలియని కంటి చుక్కలు ముందు తీసేయండి. కంటి చుక్కల సీసా మూత తీశాక సాధారణంగా నెల రోజులకు మించి వాడకూడదు. మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను మరోసారి జ్వరం వస్తే పనికొస్తాయని దాచవద్దు. సింకులో పోయవద్దు, తడి చెత్తలో కలపవద్దు. విడిగా కట్టి, ప్రమాదకరమైన చెత్త అని చెప్పి మున్సిపాలిటీ వారికి అందించండి.

వంటింట్లో చోటు తినేవి ఖాళీ డబ్బాలే. స్వీటు డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు, పచ్చడి సీసాలు అన్నీ నేల మీద పరిచి, ఏ మూత దేనిదో పెట్టి చూడండి. మూతలేని డబ్బాలూ, డబ్బా లేని మూతలూ వెంటనే పక్కన పడతాయి. పూత లేచిపోయిన నాన్‌స్టిక్ పెనాలు కూడా వాటితోనే వెళ్లాలి. వేసవిలో ఆవకాయ జాడీలకు కావలసిన అర ఇప్పుడే ఖాళీ చేసుకుంటే అప్పుడు వెతుకులాట ఉండదు.

ఇత్తడి, కంచు సామాను దగ్గర మాత్రం తొందర వద్దు. బండి మీద వచ్చే పాత సామాను వాళ్లకు చూపించే ముందు ఇంట్లోనే తూకం వేయండి. మామూలుగా కంచు ధర ఇత్తడి కంటే ఎక్కువ, కాబట్టి రెండూ కలిపి ఒకే రేటుకు ఇవ్వవద్దు. అంచు మీద చెక్కిన అక్షరాలు కూడా ఒకసారి చదవండి. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు ఇచ్చే పాత్రల మీద పేరు, తేదీ చెక్కించడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. నల్లబడిన బిందెను చింతపండుతో తోమాక అమ్మమ్మ పేరు కనిపిస్తే, దాన్ని అమ్మాలో వద్దో అప్పుడు మీకే తెలుస్తుంది. ఉంచుకుంటే అటక మీద కాదు, కళాయి పూయించి వాడుకోండి.

బట్టలు

రోజువారీ బట్టలకు లెక్క సులువు. కిందటి ఉగాది నుంచి ఒక్కసారైనా కట్టుకోనివి, వేసుకోనివి ఇచ్చేయండి. చిరిగినవి, మరకలు పోనివి ఎవరికీ దానం చేయకండి, ఇల్లు తుడిచే గుడ్డలుగా వాడండి.

పట్టుచీరలను ఒక్కొక్కటిగా మడత విప్పి నీడలో గాలికి ఆరేయండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే పట్టు ఆ గీత వెంబడే చిట్లుతుంది. తిరిగి పెట్టేటప్పుడు మడత మార్చి, మెత్తటి నూలు గుడ్డలో చుట్టండి. పురుగు పట్టకుండా వేసే నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలనివ్వకండి. పసిపిల్లలున్న ఇంట్లో అసలు వాడకపోవడమే మంచిది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లల్లో ఆ గోళీల ఆవిరి సోకిన బట్టల వల్ల కూడా ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదముంది. వాటికి బదులు బాగా ఎండిన వేపాకును గుడ్డ సంచిలో కట్టి అరలో పెట్టండి.

మడతలు విప్పేటప్పుడు దాచిన నోట్లు బయటపడవచ్చు. 2016 నవంబరు 8న రద్దయిన పాత 500, 1000 నోట్లు ఇప్పుడు మారవు. 2023 మేలో చలామణీ నుంచి ఉపసంహరించిన 2000 నోట్లు మాత్రం రద్దు కాలేదు. వాటిని హైదరాబాదుతో సహా రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయాల్లో ఇవ్వవచ్చు, తపాలాలో కూడా పంపవచ్చు.

కాగితాలు

అన్నిటికంటే ఎక్కువ సమయం వీటికే కేటాయించండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేని రోజున బీమా పత్రం కోసం ఇల్లంతా తిరగేయడం ఎంత నరకమో పడినవాళ్లకు తెలుసు.

ఇంటి దస్తావేజులు, వాటి లింకు దస్తావేజులు (ఆ ఆస్తికి సంబంధించిన అంతకుముందు దస్తావేజులు), పట్టాదారు పాసుపుస్తకాలు, వీలునామాలు, జనన మరణ ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు ఎప్పటికీ ఉండాలి. వీటికి లామినేషన్ చేయించకండి. సీలు, సంతకం, కాగితం పరీక్షించాల్సి వస్తే ఇబ్బంది అవుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ల ఫైలులో పెట్టి, మొదటి పేజీలో ఏమేమి ఉన్నాయో చేత్తో రాయండి. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి.

ఆదాయపు పన్నుకు సంబంధించినవి ఆరేడేళ్లు ఉంచుకుంటే నిశ్చింత. కరెంటు, ఫోను బిల్లులు చెల్లింపు జరిగిందని చూసుకున్నాక ఏడాదికి మించి అక్కర్లేదు. ఏటీఎం చీటీలు, దుకాణాల రసీదులు వేడికి అక్షరం పడే కాగితం మీద వస్తాయి, కొన్నాళ్లకు తెల్లగా మారిపోతాయి. వారంటీ ఉన్నవాటికి ఇప్పుడే ఫోటో తీయండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి కేంద్ర ప్రభుత్వ యాప్ అయిన డిజిలాకర్‌లోకి తెచ్చుకోండి. అక్కడ జారీ అయిన పత్రాలకు 2016 నిబంధనల ప్రకారం అసలు పత్రాలతో సమానమైన గుర్తింపు ఉంది.

ట్రంకు పెట్టెలో పెద్దల పాత బ్యాంకు పాసుపుస్తకమో, కంపెనీ షేర్ల కాగితమో దొరికితే చిత్తు కాగితాల్లో వేయకండి. పదేళ్లు కదలిక లేని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి, అయినా వారసులు అడిగి తీసుకోవచ్చు. అలాంటి డిపాజిట్లను 2023లో వచ్చిన రిజర్వు బ్యాంకు వెబ్‌సైటు ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకవచ్చు. పారేసే కాగితాల్లో ఖాతా నంబర్లు, సంతకాలు ఉంటే ముక్కలుగా చించాకే బయటపెట్టండి.

పాత ఫోన్లు, తీగలు

సిమ్ము, మెమొరీ కార్డు తీసి, ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఫోను మొత్తం చెరిపాకే ఎవరికైనా ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చవద్దు, ఎండలో ఉంచవద్దు. ఇలాంటి బ్యాటరీలు, పనికిరాని ఫోన్లు, తీగలు అధీకృత ఈ-వ్యర్థాల కేంద్రానికే చేరాలి.

పెద్దవాళ్ల వస్తువులు

అత్తగారి రోలు, మామయ్యగారి రేడియో, నాన్నగారి కుట్టు మిషను. వాళ్లు ఊరెళ్లినప్పుడు వాటిని తీసేయడం తప్పు. పక్కన కూర్చుని, "ఇది ఎవరికిస్తే బాగుంటుంది అత్తయ్యా?" అని అడగండి. "పారేద్దామా?" అంటే వద్దంటారు. ఎవరికివ్వాలో అడిగితే చాలాసార్లు వాళ్లే ఒక పేరు చెబుతారు, ఆ వస్తువు కథ కూడా చెబుతారు. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. ఒక మూల వాళ్ల వస్తువులకు ఉండనివ్వండి.

బయటికి పంపడం

తీసిన సామాను గుమ్మం పక్కన చేరితే పని ఆగిపోయినట్టే. ఇచ్చేవి రెండు రోజుల్లో ఇల్లు దాటాలి. ఎవరికి, ఎప్పుడు అన్నది సంచి మీదే రాసిపెట్టండి. మిద్దె మీద, పెరట్లో పాత టైర్లు, పగిలిన కుండలు వదలకండి. తొలకరి నీళ్లు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెట్టేది వాటిలోనే. వచ్చే భోగి మంటల కోసమని రబ్బరు, ప్లాస్టిక్ కూడా దాచవద్దు, ఆ పొగ విషం.

కొత్త డబ్బాలు, అరలు, బుట్టలు కొనాలనుకుంటే అవి చివర. ఉంచుకున్నవి ఎన్నో తెలిశాక, అర పొడవు వెడల్పు కొలిచి, ఆ కొలత ఫోనులో రాసుకుని బజారుకు వెళ్లండి.