కాన్వల్యూషన్ లెక్కకు కూర్చునే ముందు జాగ్రత్తలు

కాకినాడలోనో భీమవరంలోనో సిగ్నల్స్ పేపర్ రాయబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇవి. రెండు సీక్వెన్స్‌లలో (అంకెల వరుసల్లో) ఒకదాన్ని తిరగేసి, రెండోదాని మీద జరుపుతూ, గుణించి కూడే లెక్కే కాన్వల్యూషన్.

• ఎన్, అంటే సిగ్నల్‌లో విలువ వరుస సంఖ్య, ఎప్పుడూ పూర్ణాంకమే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గంటకోసారి నీటిమట్టం రాసుకున్నారనుకోండి. రెండు రీడింగుల నడుమ విలువ సున్నా కాదు, అక్కడ సిగ్నలే నిర్వచించలేదు.

• సిస్టమ్ లీనియరో కాదో, అంటే ఇన్‌పుట్లను కూడినా, ఒక సంఖ్యతో గుణించినా ఔట్‌పుట్లూ అలాగే మారతాయో లేదో ముందే తేల్చుకోండి. నా మాట వినండి, ఇక్కడ తొందర వద్దు. ఇన్‌పుట్‌ను రెట్టింపు చేసి 3 కలిపే సిస్టమ్‌కు గ్రాఫు సరళరేఖే వస్తుంది, అయినా అది లీనియర్ కాదు. సున్నా ఇస్తే 3 వస్తోంది కదా! ఇన్‌పుట్‌ను ఎన్‌తో గుణించే సిస్టమ్ లీనియరే గానీ టైమ్ ఇన్వేరియంట్ కాదు, అంటే ఇన్‌పుట్ ఆలస్యమైతే ఔట్‌పుట్ అదే రూపంలో అంతే ఆలస్యంగా రాదు. ఈ రెండింటికీ మామూలు కాన్వల్యూషన్ పనికిరాదు.

• తిరగేయాల్సింది ఒక్క సీక్వెన్స్‌నే. ఎన్ సున్నా అయ్యే స్థానం దగ్గర బాణం గుర్తు పెట్టుకోండి.

• సరిచూసుకునే దారి ముందే తెలిసి ఉండాలి. 1, 2, 3కు 1, 1తో కాన్వల్యూషన్ చేస్తే 1, 3, 5, 3 వస్తుంది. పొడవు 3+2–1, అంటే 4. మొత్తాలు 6, 2. వాటి లబ్ధం 12. జవాబు మొత్తమూ 12 కావాలి. అరనిమిషం పని, ఎంతో ధైర్యం.

• ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 60 శాంపిళ్లే (కొలతలే) తీస్తే 10 హెర్ట్జ్‌లా కనబడుతుంది. శాంపిళ్లు సెకనుకు 100 దాటాలి.

• కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందా?