కొవ్వూరు–రాజమండ్రి రూటుకి కరెంటు తీగ వేసేముందు

సంక్రాంతి సెలవుల్లో ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్ గేమ్‌లో మన గోదావరి రూటు కట్టేవాళ్లు ఇవి చూసుకోండి.

తీగ ఎత్తు ముందే ఖాయం చేయండి. ట్రాక్ ఫైల్లో ఉండేది ఒకే అంకె, రూటంతటికీ అదే. స్తంభాలన్నీ నాటాక మారిస్తే తీగ ఒకచోట, దాన్ని పట్టుకునే బ్రాకెట్లు ఒకచోట. వారాల పని పోతుంది, ఆ బాధ నేను పడ్డాను.

కొలత పట్టా పైఅంచు నుంచి, నేల నుంచి కాదు. మన లైన్లలో మామూలుగా సుమారు 5.5 మీటర్లు.

పాంటోగ్రాఫ్ (ఇంజను పైన ఉండి తీగ నుంచి కరెంటు తీసుకునే చట్రం) పూర్తిగా లేచాక ఎక్కడ ఆగుతుందో ప్రతి ఇంజనుకీ చూడండి. అది మోడల్‌లో పెట్టిన ఎత్తుకే లేస్తుంది.

రోడ్డు-రైలు వంతెన దగ్గర నెమ్మదిగా వెళ్లండి. పైన రోడ్డు, కింద రైలు. తీగ ఇనుప దూలాల్లోకి దూరిందేమో బయటి కెమెరాతో చూడాలి.