తోటకు ఉపగ్రహ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకునే ముందు

వైట్‌ఫీల్డ్‌లో ఫైబర్ ఉన్న ఫ్లాటుకు ఉపగ్రహ బ్రాడ్‌బ్యాండ్ దండగ. అయితే బెంగళూరులోని మనవాళ్ళు చాలామంది శని, ఆదివారాలు శ్రీనివాసపురం, మదనపల్లె వైపు మామిడి తోటల్లో గడుపుతూ, అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకోవాలని చూస్తున్నారు. ఫైబర్ రాని, ఫోనులో సిగ్నల్ ఒక గీత దాటని అలాంటి చోట ఇది నిజంగా అక్కరకొస్తుంది.

ముందుగా, ఉపగ్రహం ఎంత ఎత్తున తిరుగుతుందో అడగండి. ఆకాశంలో ఒకే చోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహాలు తిరిగే భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. మీరు పంపిన అభ్యర్థన పైకి వెళ్ళి కిందికి దిగి, దాని జవాబు మళ్ళీ అదే దారిన రావాలంటే దాదాపు 1,43,000 కిలోమీటర్లు తిరగాలి. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే రేడియో తరంగానికి సైతం ఇందుకు అర సెకను దాకా పడుతుంది. ఎంత ఖరీదైన ప్లాను తీసుకున్నా ఈ ఆలస్యం తగ్గదు. ఏటీఎంలు ఏళ్ళ తరబడి వీశాట్ల (ఇలాంటి ఉపగ్రహంతో మాట్లాడే చిన్న డిష్‌ల) మీద నడుస్తున్నాయంటే వాటి పనికి అర సెకను లెక్కలోది కాదు. వీడియో కాల్‌లో మాత్రం ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతుంటారు. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్కుకు సమాచారాన్ని గుప్తంగా చేరవేసే దారి) వాడేవారికి మరో చిక్కుంది. ఆలస్యం తెలియకుండా వీశాట్ పరికరాలు చేసే సర్దుబాట్లు, వీపీఎన్ లోపలి సమాచారం వాటికి కనబడదు కనుక, చాలావరకు పనిచేయవు.

తక్కువ ఎత్తు నుంచి ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల్లో స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550, వన్‌వెబ్‌వి 1,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి కాబట్టి వాటి ఆలస్యం మామూలుగా 100 మిల్లీసెకన్ల (సెకనులో పదో వంతు) లోపే ఉంటుంది. 2022 అక్టోబరులోనూ 2023 మార్చిలోనూ మన ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 శ్రీహరికోట నుంచి 36 చొప్పున మోసుకెళ్ళింది ఈ వన్‌వెబ్ ఉపగ్రహాలనే.

తర్వాత వేగం. ప్రకటనలో ఉన్న అంకె కన్నా రాత్రి 8 నుంచి 10 మధ్య ఎంత వస్తుందన్నది ముఖ్యం. 2024 నవంబరులో కక్ష్యకు చేరిన మన భూస్థిర ఉపగ్రహం జీశాట్-20 మొత్తం సామర్థ్యం సెకనుకు 48 గిగాబిట్లు. దాన్నే 32 పుంజాలుగా (ఒక్కోటి ఒక్కో ప్రాంతం మీద పడే రేడియో కిరణాలుగా) దేశమంతా పంచుకోవాలి. అంతకన్నా ఎన్నో రెట్లు ఒక్క ఫైబర్ పోగు మోయగలదు.

డిష్ ఎక్కడ పెట్టాలన్నది మధ్యాహ్నం తోటలో నిలబడి తేల్చుకోండి. భూస్థిర ఉపగ్రహానికి ఆకాశంలో ఒక్క బిందువు కనబడితే చాలు. 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న ఉపగ్రహం బెంగళూరు నుంచి దాదాపు 74 డిగ్రీల ఎత్తున, అంటే ఇంచుమించు నడినెత్తిన కనిపిస్తుంది కాబట్టి చెట్ల అడ్డు తక్కువే. తక్కువ ఎత్తున తిరిగేవి ఆకాశానికి అడ్డంగా కదిలిపోతుంటాయి. వాటికి విశాలమైన ఖాళీ కావాలి. ఒక్క కొబ్బరి మట్ట అడ్డొచ్చినా కొన్ని నిమిషాలకోసారి కాల్ తెగుతుంది. ఇవాళ అడ్డురాని మామిడి కొమ్మ మూడేళ్ళలో ఎక్కడి దాకా పెరుగుతుందో తోటమాలిని అడిగితే ఇంజనీరు కన్నా బాగా చెబుతాడు.

ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఉరుముల వానకు సిగ్నల్ పలచబడుతుంది. ఉపగ్రహాలు వాడే రేడియో పౌనఃపున్యాల్లో కేయూ బ్యాండు కన్నా, అంతకు పైనున్న కేఏ బ్యాండుకు ఈ బాధ ఎక్కువ. భూస్థిర ఉపగ్రహాలైతే మార్చి మధ్యలోనూ సెప్టెంబరు చివరిలోనూ సూర్యుడు సరిగ్గా వాటి వెనక్కి వచ్చే కొద్ది రోజులు, రోజుకు కొన్ని నిమిషాలు మూగబోతాయి. అది ముందే లెక్క కట్టి చెప్పగలిగిన అంతరాయం కనుక మీటింగులను వేరే వేళకు మార్చుకోవచ్చు.

కరెంటు విషయం మరవకండి. తక్కువ ఎత్తు ఉపగ్రహాల డిష్ 50 నుంచి 100 వాట్లు నిరంతరం తీసుకుంటుంది. 75 వాట్లనుకున్నా పది గంటల కోతకు 750 వాట్-గంటలు బ్యాటరీలో ఉండాలి. అమెరికా నుంచి వచ్చే బావగారి చేత డిష్ తెప్పించుకోవద్దు. ఇక్కడ లైసెన్సున్న సంస్థ ద్వారా తప్ప వాడటం చట్టవిరుద్ధం. స్టార్‌లింక్‌కు సైతం ఆ లైసెన్సు 2025 జూన్‌లోనే వచ్చింది.

నగరంలో ఉపగ్రహం అవసరమయ్యే సందర్భం ఒకటి నేనే చూశాను. మా చిన్న ఆఫీసుకు రెండు కంపెనీల ఫైబర్ తీసుకుని నిశ్చింతగా ఉండగా, వీధి చివర కాలువ పనికి వచ్చిన జేసీబీ ఒక్క తోపుకు రెండింటినీ తెంపింది. రెండు కేబుళ్ళనూ ఒకే గుంటలో వేశారని ఆ రోజే తెలిసింది. ఆకాశం దారికి ఆ భయం లేదు. అలా అదనపు లైనుగా పెట్టుకునేవారు నెలకోసారి ఫైబర్ తీగను చేత్తో పీకి, రూటరు తనంతట తాను డిష్ వైపు మళ్ళుతుందో లేదో చూసుకోవాలి.